వానాకాలపు ఈతకొలను

రాయపూర్‌కు దూరంగా, జలాశయం ఒడ్డున ఉన్న ఆ ఖరీదైన రిసార్టుకు వానాకాలంలో జనం రారు. ఈతకొలనులో ఒక నర్సు, గట్టు మీద తువ్వాలు పట్టుకుని ఆమె భర్త, ఇద్దరే ఉన్నారు.

“నీళ్లు మరీ చల్లగా ఉన్నాయా, గ్లోరీ?”

“హాయిగా ఉన్నాయండీ. రొమ్ము తీసేశాక నీళ్లలో దిగడం ఇదే మొదలు కదా.”

“ఎవరూ చూడని చోటైతేనే దిగుతానన్నావు. అందుకే ఆఫ్ సీజన్‌లో తీసుకొచ్చాను.”

“మంచి పని చేశారు.”

“అరే, ఎవరో ఫ్యామిలీ ఇటే వస్తున్నారు. జల్దీ రా, తువ్వాలు కప్పుకో.”

“రానివ్వండి.”

“స్విమ్ సూట్‌లో ఒకవైపు తెలిసిపోతోంది, అందుకని చెప్తున్నా.”

“తెలియనివ్వండి. ఆపరేషనైన ఆడవాళ్లకి వార్డులో రోజూ చెప్తాను, సిగ్గుపడొద్దని. నేనే దాక్కుంటే ఎలా?”

“నిజంగా ఫరవాలేదా?”

“ఫరవాలేదండీ. వెల్లకిలా తేలడం నాకింకా రాలేదు. ఆ తువ్వాలు కుర్చీ మీద పడేసి మీరూ దిగండి, నడుం కింద చెయ్యి పెట్టాలి.”

“ఇప్పుడా? నా పొట్ట చూసి వాళ్లు నవ్వుతారేమో.”

“నవ్వనివ్వండి. మెట్లు జారతాయి, చూసుకుని దిగండి.”