నీటి అంచున కర్ర

సాయంత్రం జమున నది అంచున పాతిన కర్ర తెల్లారేసరికి నీళ్లలో ఉంటే, నది మధ్య ఇసుక దిబ్బ మీది వాళ్లు రేకుల ఇల్లు విప్పి పడవకెత్తుతారు. కోడలు వెళ్లి చూస్తే కర్ర అంచునే ఉంది. వెనకే అత్త వచ్చింది.

"చూశావా పిల్లా, నీళ్లు పెరగలేదు. ఇల్లు విప్పొద్దని నీ మొగుడికి చెప్పు."

"నిన్న అరటిచెట్టుకు అవతల, నీళ్ల వైపు పాతాను అత్తా. ఇవాళ ఇవతలుంది. రాత్రి నడిచొచ్చిందా?"

"నన్నడుగుతావేం?"

"నీ చీర అంచంతా బురదే."

అత్త కొంగు సర్దుకుంది.

"మీ మామ గోరీ ఇక్కడుంది. వదిలి ఎలా రాను?"

"ఆయనుండగా వరదొస్తే ఏం చేసేవాడు?"

"ముందు నువ్వు పడవెక్కవే అని కసిరేవాడు."

అత్తే కర్ర పెరికి కోడలి చేతికిచ్చింది.

"రేకులు విప్పమను. ఇది కూడా పడవలో వెయ్యి, కొత్త దిబ్బ మీదా కావాలిగా."