కాపలావాళ్ళకో మాట

పిండాన్ని గర్భంలో పెట్టించుకుని ఇంటికొచ్చిన సాయంత్రం, ఆమె మంచం మీద వాలింది. భర్త ఫ్రిజ్‌లోంచి ఇంజెక్షన్ తీశాడు.

“నేను మందులషాపుకెళ్ళినప్పుడు డాక్టరేమంది?”

“ఒంట్లో కాపలా కణాలుంటాయట. ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటాయట. పోయినసారి పిండం నిలవనప్పుడు ‘ఎవరో పరాయివాళ్ళొచ్చారు’ అని కబురు పాకేసిందేమోనని ఆవిడ అనుమానం.”

“కడుపులో బిడ్డ పరాయెలా అవుతుంది?”

“సగం నువ్వేగా మరి.”

“అచ్చం మీ నాన్న బుద్ధే. మొదటిసారొస్తే నన్ను గేటు బయటే, ఎండలో నిలబెట్టాడు.”

“ఇప్పుడు నెత్తిన పెట్టుకున్నాడుగా.”

“నువ్వు సర్దిచెప్పబట్టి.”

“ఈ సూది కూడా అందుకేనట. వింటాయో లేదో చూద్దామంది.”

“సూదిని నమ్ముకుంటే ఎలా? నువ్వూ ఓ మాట చెప్పు.”

ఆమె నవ్వలేదు. పొట్ట మీద చెయ్యేసుకుంది.

“మనవాళ్ళే. ఎండలో నిలబెట్టకండి.”