నీలం రంగు కింద

కూతురు పడి చనిపోయిన బాల్కనీలో నిలబడి, విరిగిన రెయిలింగు ముక్కను ఆమె వెల్డరు చేతిలో పెట్టింది.

“పైన రంగు నిగనిగలాడుతోంది గానీ లోపల ఇనుమే లేదమ్మా. తుప్పు తినేసింది. గీకకుండానే రంగేశారు.”

“ఏటేటా మా ఆయనే వేసేవారు. పిల్లకిష్టమని నీలం.”

“ఆ రంగే తుప్పుని కనపడనివ్వలేదు.”

“ఈ మాట చెవిన పడితే ఆయన బతకరు బాబూ. అతుకు ఊడిందని చెప్పు.”

అతను ముక్కను తిప్పి అతుకు మీద వేలు పెట్టాడు.

“ఆ అతుకులు మా నాన్న వేసినవమ్మా. పోయేదాకా ఆయన పనికి ఎవరూ వంక పెట్టలేదు.”

ఆమె తల దించుకుంది.

లోపల్నుంచి భర్త గొంతు వినిపించింది. “ఏమంటున్నాడు?”

వెల్డరే గుమ్మం దాకా వెళ్ళాడు.

“అతుకు సరిగ్గా పడలేదండీ. తప్పు మాదే.”