నీలం లైటు

దిల్‌సుఖ్‌నగర్‌లో కారు సామాన్ల షాపు ముందు, ఆమె కారుకి హ్యాండ్స్‌ఫ్రీ బిగించి మెకానిక్ చేతులు తుడుచుకుంటున్నాడు. ఆమె స్టీరింగ్ ముందు కూర్చుని ఉంది.

“అయిపోయింది మేడం. ఫోన్ ఒస్తే మీరేం నొక్కొద్దు. అదే ఎత్తుతది.”

“నాకు ఎత్తాలని లేకపోతే?”

“మీ ఇంటి సారే గట్ల పెట్టమన్నరు. రింగ్ గూడ బంద్ చేయమన్నరు.”

“మరి ఆయన ఫోన్ చేసినట్టు నాకెలా తెలుస్తుంది?”

“గీ నీలం లైట్ వెలుగుతది. ఇగ బండిల ఏం మాట్లాడినా సార్‌కు వినబడ్తది.”

“నేనిప్పుడు ఇంటికి వెళ్లడం లేదు బాబూ. మలక్‌పేటలో మా అక్క దగ్గరికి వెళ్లిపోతున్నాను. ఆయనతో అనకు. దాన్ని పీకెయ్యి.”

“పరేషాన్ కాకుండి, తీస్త.”

వైరు మీద చెయ్యి వేసినవాడు ఆగిపోయాడు. నోటి మీద వేలు పెట్టుకుని, కళ్లతోనే చూపించాడు.

నీలం లైటు వెలుగుతోంది.