డీజిల్ బండి, బంగాళాదుంప వాసన

జనవరి మధ్యాహ్నం. నెదర్లాండ్స్‌లో గ్రోనింగెన్ దగ్గరి ఒక ఊళ్లో, మోటార్‌సైకిల్ దిగి వంటింట్లోకి రాబోయిన భర్తను భార్య గుమ్మంలోనే ఆపింది.

“ఆగు. బంగాళాదుంప వేపుడు తిన్నావా?”

“ఛ! గుండె ఆపరేషనై మూడు నెలలు కాలేదు, తింటానా? అది బండి వాసన.”

“ఓహో, వేపుడు తిన్నది బండా?”

“పెట్రోల్ ఇంజిన్ పీకేసి డీజిల్‌ది బిగించాను కదా. సీబే వేపుళ్ల కొట్లో వాడేసిన నూనె పోస్తే చక్కగా నడుస్తుంది. పొగ కూడా అదే వాసన.”

“నాకు చెప్తున్నావా? ఆ నూనె వడగట్టింది నా మేజోళ్లతోనేగా! మరి చలికి అది గడ్డకడుతుంది, ఏప్రిల్ దాకా మామూలు డీజిలే పోస్తానన్నదెవరు?”

“నేనే.”

“ఇవాళ మన కాలవే గడ్డకట్టింది.”

“నాలుగు ముక్కలేనే. ఒట్టు.”

“మయొనైజ్‌తోనా?”

“కొంచెం.”

“మళ్లీ ఆ ఆసుపత్రి మంచం పక్కన కూర్చోవడం నా వల్ల కాదు. కొట్టు తెరిచే ఉందా?”

“ఉంది. ఎందుకూ, సీబేతో పోట్లాడతావా?”

“నా హెల్మెట్ ఇలా ఇవ్వు. నేను తింటాను, నువ్వు వాసన చూద్దువుగాని.”