రాగి పలక మీద మూడు చుక్కలు

మిట్టమధ్యాహ్నం. లాప్‌టాప్‌లు బాగుచేసే ఇరుకు గది. బెంచీ దగ్గర కోడలు. గోడవార కుర్చీలో, ఒక కంటికి ఆపరేషన్ కట్టుతో మామగారు.

"తొంభై ఆరు డిగ్రీలంటే దాని మీద ఎసరు పెట్టుకోవచ్చమ్మాయ్! లోపల చిప్పు వేడి లాగే పేస్టు ఎండి పెచ్చులైపోయుంటుంది. స్పిరిట్‌తో తుడిచేసి కొత్తది పెట్టు. శనగగింజంత చాలు."

"ఊఁ."

"ఊఁ కాదు. చిప్పు మీది రాగి పలక, అదే హీట్ సింకు, తీశావా?"

"తీశాను మామయ్యా."

"పెచ్చులేనా?"

"ఎండలేదు. పచ్చిగానే ఉంది. వేలికి అంటుకుంది."

"వేలు పెట్టావా! అందుకే కదా హీట్ సింకు పని నీకివ్వనిది. మూడేళ్ళుగా కీబోర్డులు మార్చుకో, స్క్రీన్లు మార్చుకో, ఇది మాత్రం ముట్టుకోకు అన్నానంటే ఊరికే అన్నానా?"

"పెట్టి నెల కూడా అయ్యుండదు మామయ్యా."

"ఎవడో పెట్టుంటాడు. ఊళ్ళో మనదొక్కటే షాపా? తుడిచెయ్."

"పేస్టు బాగానే ఉంటే తుడవడమెందుకు?"

"వేడెక్కుతోందిగా!"

"వేడి పేస్టు వల్ల కాదు. మూడో స్క్రూ సగం వదులుగా ఉంది. హీట్ సింకు ఆ పక్క చిప్పుకి ఆనడం లేదు."

"బిగించడం మరిచిపోయుంటాడు వెధవ. తుడిచేసి, బిగించి, పక్కన పెట్టు."

"మళ్ళీ తుడవమంటున్నారు."

"అంటే? నాకు పని నేర్పుతున్నావా?"

"లేదు. రాగి పలక అంచున చుక్కలున్నాయి, చెబుదామని."

"ఏం చుక్కలు?"

"పేస్టు చుక్కలు. మూడు. వరసగా."

"చెయ్యి జారుంటుంది."

"మూడుసార్లా? ఒకే కొలతలోనా?"

"ఆ స్పిరిట్ సీసా అందుకో ముందు."

"మళ్ళీ తీసినప్పుడు ఎండిందో లేదో చుక్కని పొడిచి చూసుకోవచ్చని ఎవరు పెట్టేవారు మామయ్యా? 'పేస్టు దండగ చేస్తున్నావురా' అని మీరు ఎవర్ని తిట్టేవారు?"

"ఇప్పుడు అందరూ పెడుతున్నార్లే."

"నేనెక్కడా చూడలేదు."

"నువ్వు హీట్ సింకు విప్పితేగా చూడ్డానికి!"

"మీరు విప్పుతారుగా. మీరు చూశారా?"

"ముందు పని చూడు."

"మీ అబ్బాయి బతికున్నాడంటున్నాను మామయ్యా. కుర్చీలోంచి లేవనైనా లేవలేదు మీరు."

"కంటికి కట్టు కట్టుకుని ఎక్కడికి లేవమంటావ్? వాడు పోయాడమ్మా. ఉంటే ఒక్క ఫోనైనా చేసేవాడని మొన్న నువ్వే అన్నావుగా."

"అన్నాను."

"మరింకేం?"

"ఆయన ఫోను చేసే మనిషా? పెళ్ళయిన ఆర్నెల్లకి గానీ నన్ను పేరు పెట్టి పిలవలేదు. మీరు చెంప మీద కొట్టిన రోజు కూడా నోరు విప్పలేదు. చెప్పులేసుకుని వెళ్ళిపోయారు, మూడేళ్ళయింది."

"కొట్టక ముద్దు పెట్టుకోవాలా? స్క్రూ ఒకటి లోపల వదిలేశాడు. అది బ్యాటరీకి గుచ్చుకుని, మంటలొచ్చి, ఆ పెద్దావిడ చెయ్యి కాలింది. వాళ్ళ మనుషులు నలుగురూ గుమ్మంలో నిలబడితే నన్నేం చెయ్యమంటావ్?"

"తప్పనడం లేదు. అంత జరిగాక ఆయన స్క్రూ మరిచిపోతారా అంటున్నాను. ఇది కావాలని వదిలింది."

"కావాలని ఎవడైనా వదులుతాడా?"

"మళ్ళీ వేడెక్కాలంటే వదలాలి. మళ్ళీ వేడెక్కితే ఏదో ఒక షాపుకి తేవాలి."

"ఎవరికి ఫోను?"

"ఇది ఇచ్చిన ఆవిడకి. పళ్ళాసుపత్రిలో పనిచేస్తుందే, ఆవిడకి."

"వద్దమ్మాయ్."

"స్పీకర్లో పెడతాను. మీరూ వినండి."

"వద్దంటుంటే వినవేం! వాడెక్కడున్నాడో తెలిసిందే అనుకో, సంచి సర్దుకుని పోతావ్. నా సంగతేంటి? ఒక కన్ను కట్టు, ఒక కన్ను మసక. ఈ బెంచీ దగ్గర ఎవరు కూచుంటారు?"

"రింగవుతోంది."

"అమ్మాయ్..."

"హలో! అప్పుడే అయిపోయిందా?"

"ఇంకా లేదండీ. ఇదివరకు దీనికి పేస్టు ఎవరు పెట్టారో చెబుతారా?"

"మా ఆసుపత్రి మెట్ల కింద ఒకతను ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేస్తుంటాడండీ. బక్కగా ఉంటాడు. పాపం మాటలు రావేమో అనుకున్నా చాలాకాలం. మొన్న తనంతట తనే అడిగి మరీ చేసిపెట్టాడు, ఉచితంగా. చేసి ఏమన్నాడో తెలుసా? వారంలో మళ్ళీ వేడెక్కుతుంది, అప్పుడు మీ షాపుకే తీసుకెళ్ళమన్నాడు. పని చేసినవాడు అలా అంటాడటండీ ఎక్కడైనా! పళ్ళు కట్టి, వారంలో ఊడిపోతాయి పొమ్మని మా డాక్టరుగారు అంటే ఊరుకుంటారా జనం?"

"పెట్టెయ్ ఫోను!"

"ఎవరండీ అది?"

"మా మామగారు. మీరు చెప్పండి. ఇంకేమన్నారు?"

"అయ్యో, పెద్దాయన పక్కనే ఉన్నారా? ఆయన ముందు అనొద్దన్నాడే..."

"ఫరవాలేదు, చెప్పండి."

"ఏం లేదండీ, ఆయన కంటికట్టు విప్పేలోపే తెచ్చి, మీ చేతికే ఇవ్వమన్నాడు. ఆయన చేతికొస్తే తుడిచేస్తారట. ఇదివరకు పంపినవన్నీ అలాగే అయ్యాయట. ఏం తుడుస్తారో, ఏం పంపాడో, నాకు ముక్క అర్థమైతే ఒట్టు."

"సరేనండీ. సాయంత్రానికి ఇచ్చేస్తాను."

"వేడి తగ్గుతుందిగా?"

"తగ్గుతుంది. ఉంటానండీ."

"అమ్మాయ్. ఏం చేస్తున్నావ్?"

"స్క్రూ బిగిస్తున్నాను."

"తిట్టు. చేతిలో ఏదుంటే అది విసిరికొట్టు. ఇలా ఉండకు."

"తిట్టాలని లేదు మామయ్యా. ఏమీ లేదు. వేలికి పేస్టు అంటింది, చల్లగా ఉంది. అదొక్కటే తెలుస్తోంది."

"నీకు చెప్దామనే అనుకున్నా. ప్రతిసారీ ఈసారి చెప్దామనే..."

"ఎన్ని?"

"ఏవెన్ని?"

"ఆయన పంపితే మీరు తుడిచినవి."

"గుర్తులేదమ్మా."

"గుర్తుంటుంది."

"పదకొండు."

"మొదటిది ఎప్పుడొచ్చింది?"

"వాడు వెళ్ళిన పదో రోజున."