సర్వ్ చేయని చెయ్యి

ఉదయం ఆరుంపావు, వాన అప్పుడే వెలిసింది, గాలి లేదు. క్లబ్బులో కోచ్ ఉద్యోగానికి పరీక్ష గంటలో ఉందనగా, ఒకప్పటి టెన్నిస్ ఛాంపియన్ సర్వ్ చేయబోయి రాకెట్ దించేసింది.

“చెయ్యి తలపైకి లేవడం లేదక్కా.”

“ఒళ్లు కాస్త వేడెక్కనీవే.”

“వేడికి లొంగేది కాదిది. నొప్పి తెలియకుండా సూది వేయించుకుని ఆ ఫైనల్ ఆడాను చూడు, భుజం ఆ రోజే పోయింది.”

“కప్పు గెలిచావుగా!”

“గెలిచాను. దాన్ని అటక మీంచి దించాలంటే ఇప్పుడు నువ్వు రావాలి.”

అక్క నవ్వబోయి మానుకుంది.

“పోనీ, కిందినుంచి కొట్టి చూపించు.”

“పిల్లలకు సర్వ్ నేర్పాల్సినదానికే సర్వ్ రాకపోతే ఎవరు తీసుకుంటారు చెప్పు?”

“అయితే ఇంటికి పోదామా?”

“వద్దు. కాదనే మాట వాళ్ల నోటే విననీ.”

వాళ్లు కాదన్నారు. పదేళ్ల తరువాత ఆమె ఒక బట్టల దుకాణంలో గల్లాపెట్టె దగ్గర కూర్చునేది. రాకెట్ మళ్లీ పట్టలేదు.